మెట్లు దిగిన ఆవిడ

బిషాన్, సింగపూర్
5 నవంబరు 2025, కార్తీక పున్నమి

చిరంజీవి ప్రణవికి,

అమ్మమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీ క్షేమం తెలపమని అడగడం ఆనవాయితీ. నువ్వు తెలపవని తెలిసీ అడగడం నాకే అవమానం కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను.

పైన పలకరింపు దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. నీ పెళ్ళయిన నాటినుంచి నీకు ఏది రాసినా 'చి.ల.సౌ.' అనే మొదలుపెట్టాను. పుట్టినరోజు కార్డు మీదా, పచ్చడి సీసా మీదా కూడా. ఇప్పుడు అందులోంచి 'ల.సౌ.' తీసేయాలట. మార్చిలో యోగి పోయాడు కాబట్టి నీ పేరు ముందు రెండక్షరాలు తగ్గాలని ఎవరు తేల్చారో తెలిస్తే నాలుగు మాటలు అనేదాన్ని. రాయడానికి ధైర్యం చాలలేదు. కొట్టేయడానికి మనసొప్పలేదు. చివరికి 'చిరంజీవి' అని నిండుగా రాసి తప్పించుకున్నాను. ఆ ఒక్క మాటనైనా నిలబెట్టు.

ఫోన్లుండగా కొరియర్లో ఉత్తరమేమిటని మీ అమ్మ అడిగింది. ఫోన్ ఎత్తని మనిషికి ఇంకేం పంపమంటావే అరుంధతీ, పావురాన్నా, అన్నాను. నువ్వు దిగిన లాడ్జి నడిపే ఆవిడకి ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా, మీ మనవరాలు నిద్రపోతోందండీ, అంటుంది. ఎప్పుడు చేసినా నిద్రే. రాత్రంతా ఏటి ఒడ్డున కెమెరా పెట్టుకుని కూర్చుంటావని ఆవిడే చెప్పింది, అదేదో మేం మురిసిపోవలసిన విషయమైనట్టు.

స్కాట్లండులో ఆ డన్‌వారిక్ కోటని ఓ పది రోజులు ఫొటోలు తీసుకుని వచ్చేస్తానని ఆగస్టులో వెళ్ళావు. ఇప్పుడు నవంబరు. సెప్టెంబరులో మీ అమ్మ నిన్ను వెతుక్కుంటూ వస్తే, ఆవిడ రైలు దిగేలోపల వేరే ఊరికి మాయమయ్యావు. ఆవిడ వెనక్కి రాగానే మళ్ళీ కోట దగ్గరికి చేరావు. ఇంకోసారి అమ్మగానీ నాన్నగానీ వస్తే ఎక్కడున్నానో కూడా చెప్పనని మెయిలు పెట్టావు. అప్పటినుంచి మీ అమ్మకి కదలాలంటే భయం. వన్-నార్త్‌కి వెళ్తుంది, ఆఫీసు పని చేసుకుంటుంది, ఇంటికొచ్చి నీ గది తలుపు తీస్తుంది, మళ్ళీ వేస్తుంది.

ఇందులో సగం తప్పు మీ తాతయ్యది. కుర్రతనంలో ఆయన ఆ ఊళ్ళో చేపల మీద పరిశోధన చేసినప్పుడు, కోట ముందు టై కట్టుకుని తీయించుకున్న ఫొటో మన హాల్లో ఉంది కదా. నువ్వు అన్నం తినకపోతే ఆ ఫొటో చూపించి దయ్యం కథ ఎత్తుకునేవారు. కోట గోడలోంచి ఏట్లోకి దిగే రాతిమెట్లు. వాటి మీద తెల్లబట్టల్లో, జుట్టు విరబోసుకుని ఒక ఆడమనిషి. బట్ట అంచున రక్తపు మరక. నీళ్ళమీద దీపాలు. 'పాలీ! పాలీ!' అని కేక. తరువాత గాలిలో కాలిన నారింజ వాసన. ఆవిడ మెట్లు దిగడం చూసినవాళ్ళున్నారు గాని ఎక్కి రావడం చూసినవాళ్ళు లేరు. ఆయనకి పిల్లలకి లెక్కలు చెప్పడం చేతకాదు గాని ఇది మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవారు. మేం ఆ ఊళ్ళో ఉండగానే కనబడింది, పేపర్లో ఫొటో కూడా వేశారు, మీ అమ్మమ్మ జడుసుకుంటుందని చీకటి పడ్డాక గుమ్మం దాటనివ్వలేదు, అని ముగించేవారు. నేను వంటింట్లోంచి చారు చల్లారిపోతోందని అరిచేదాన్ని.

యోగికి ఆ కథంటే ఎంత ఇష్టమో! మలేషియా నుంచి వచ్చి వుడ్‌ల్యాండ్స్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళబ్బాయి. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, మకాన్ అయ్యిందా అమ్మమ్మా, అనేవాడు. భోజనం అయిందా అని ఆ ఇంటి తెలుగు. తినలేదంటే నాకూ పెట్టమని కూర్చునేవాడు, తిన్నానంటే మళ్ళీ తినమనేవాడు. తాతయ్య నిలబడ్డ చోటే నేను నిలబడతా, నువ్వు ఫొటో తియ్యి, వెనకాల దయ్యం పడితే బోనస్ లా, అని మాట చివర ఆ సింగపూరు 'లా' తగిలించి నీతో అనడం నేను విన్నాను. టిక్కెట్లు కూడా చూసుకున్నారు. అంతలో ఒక పొద్దున్న పరుగుకి వెళ్ళినవాడు వుడ్‌ల్యాండ్స్ నీళ్ళ ఒడ్డున కుప్పకూలిపోయాడు. ఆ ఫొటో తీయడానికి ఒక్కదానివే వెళ్తానంటే మేమెవరం వద్దనలేకపోయాం.

పోయినవారం నువ్వు మీ అమ్మకి ఇంగ్లీషులో రాసింది నాకు చూపించింది. తెలుగులో చెప్పుకుంటే అది ఇదీ: ఒక్క దయ్యం నిజమైతే చాలమ్మా, ఒక్కటి నా ఫొటోలో పడితే చాలు, పోయినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే కదా.

అది చదివి మీ అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కాకినాడ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పినదాన్ని, నా మనవరాలు ఇలాంటి సాక్ష్యం పట్టుకుని వేలాడటమేమిటి? ఆ కోటకి పాత కథ ఒకటుంది, పదిహేడో శతాబ్దంలో ఏట్లో పడిపోయిన ప్రభువుగారి భార్యది. దానికి తరువాత ఎవరెవరో తోకలు తగిలించారు. నా మాట మీద నమ్మకం లేకపోతే ఆ ఊరి లైబ్రరీకి వెళ్ళి పాత పుస్తకాలు తిరగెయ్యి. వాటిలో దీపాలు ఉండవు, నారింజలు ఉండవు, పాలీ అన్న పేరే ఉండదు. అది చూశాక కెమెరా సర్దుకుని రా.

నీ కోసం ఎదురుచూస్తూ,
అమ్మమ్మ హైమావతి

తా.క.: పున్నమి దీపాలు గుమ్మం బయట పెట్టాను. పక్కింటి చైనా ఆవిడ వచ్చి, ఆంటీ, బర్త్‌డేనా, అని అడిగింది. అవునన్నాను. ఎవరిదని అడగలేదు, బతికిపోయాను.


బిషాన్, సింగపూర్
11 నవంబరు 2025

చిరంజీవి ప్రణవికి,

దీవెనలు. మీ తాతయ్య మోకాళ్ళూ నా రక్తపోటూ కూడా క్షేమం. వాతావరణం గురించి రాయడానికేమీ లేదు, ఇక్కడ ఎప్పుడూ ఉండేదే ఉంది.

జవాబు రాశావు. ఎంత సంతోషించానో, చదివాక అంత హడలిపోయాను.

నేను నిన్ను లైబ్రరీకి పంపింది ఆ పిచ్చి వదలడానికి. నువ్వు వెళ్ళి అన్నీ చదివి, అమ్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం, 1976కి ముందు పాలీ అన్న పేరు ఎక్కడా లేదు, అని ఒప్పుకున్నావు. ఒప్పుకుని, కాబట్టి 1976లో చూసినవాళ్ళు పాత కథ వల్లించలేదు, కొత్తగా కళ్ళతో చూసిందే చెప్పారు, అన్నావు. నా ఆయుధం తీసుకుని నన్నే పొడిచావు. వేరే సందర్భంలో అయితే నూటికి నూరు మార్కులు వేసేదాన్ని.

ఆనాటి పేపర్లో పడ్డ ఫొటో కూడా పంపావు. మీ అమ్మ దాన్ని పెద్దది చేసి ప్రింటు తీసిచ్చింది. భూతద్దం పెట్టి చూశాను. చేపలు పట్టడానికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు తెల్లవారకముందు తీసిందట. తీసి, కేక విని, గాలాలు కూడా అక్కడే పారేసి పరిగెత్తారట. ఏముంది అందులో? ఒక తెల్లటి మసక. కింద నాలుగు వెలుగు చుక్కలు. ఎవరో ఆరేసిన దుప్పటి ఎగిరొచ్చి మెట్లకి చిక్కుకుని ఉంటుంది. పొగమంచు కావచ్చు. అయినా తెల్లబట్టలూ విరబోసిన జుట్టూ మన సినిమా దయ్యాల యూనిఫారం కదా, స్కాట్లండు దయ్యానికి ఎవరు కుట్టిచ్చారు? ఇవేవీ తట్టలేదా నీకు?

నిన్న రాజామణి వచ్చింది. నెలకి రెండుసార్లు వుడ్‌ల్యాండ్స్ నుంచి రైలెక్కి మీ అత్తగారు మా ఇంటికి వస్తుంది. పులిహోరా, సంబల్ అనే ఆ మలయా మిరపకాయ పచ్చడీ తెస్తుంది, రెండూ ఒకే డబ్బాలో. యోగికి అలాగే ఇష్టం కదా అంటుంది. ఇంకా 'ఇష్టం' అనే అంటుంది, 'ఇష్టంగా ఉండేది' అనదు. మనం సరిచేయం. నువ్వు పంపిన ఫొటో గురించి మీ తాతయ్య నోరు జారారు. ఆవిడ చాలాసేపు ఆ కాగితం చేత్తో నిమురుతూ కూర్చుంది. తరువాత నాతో, అమ్మా, కోడలికి ఒక మాట రాయండి, అక్కడ మావాడు గానీ కనపడితే అమ్మ బాగానే ఉందని చెప్పమనండి, సుగరు మాత్ర మానలేదని చెప్పమనండి, అంది.

  ఒక్కదానివి అనుకున్నాను, ఇద్దరయ్యారు ఆ దయ్యం మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు. ఆ మసక ఫొటోని చింపి చెత్తబుట్టలో పారేయాలని లేచి, పారేయలేక మళ్ళీ కూర్చున్నాను.

ప్రణవీ, నీ మెయిలు చివర ఒక వాక్యం ఉంది. మీ అమ్మ దాన్ని గమనించలేదు. ఫొటో తీసింది నవంబరు ఇరవై రెండున కాబట్టి ఈ ఇరవై రెండున ఆవిడ వస్తుందని నీ నమ్మకం. ఈసారి ఒడ్డున కూర్చోనని రాశావు. ఆవిడ వెనకే మెట్లు దిగుతానని రాశావు. ఎక్కడికి వెళ్తుందో చూస్తాను అమ్మమ్మా, అన్నావు.

ఆ వాక్యం చదివినప్పటినుంచి నేను కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను. కంచంలో అన్నం కలుపుతాను, అలాగే వదిలేసి లేస్తాను. మీ తాతయ్య కింద హాకర్ సెంటర్లో కాఫీకి వెళ్దాం రమ్మంటే వెళ్ళాను. ఆయన కప్పు పెట్టి వచ్చేలోపల నేను బల్ల మీద వేలితో మెట్లు గీస్తున్నానట. ఏమిటవి, అన్నారు. ఏమీ లేదు, ఈగ, అన్నాను.

వెనకే దిగడమంటే ఏమిటో నాకు తెలియదనుకోకు. ఫొటో కోసం దిగేవాళ్ళు ఎలా రాస్తారో తెలుసు, ఫొటో కోసం కాక దిగేవాళ్ళు ఎలా రాస్తారో కూడా తెలుసు. దిగకు. బతిమాలుతున్నాను. ఈ నోటితో నేను ఇంతవరకు ఎవర్నీ బతిమాలలేదు, మీ తాతయ్యని అడుగు. నాకు బతిమాలడం సరిగ్గా రాకపోతే ఆ లోపం నాది, దానికి నువ్వు శిక్ష వేయకు.

ఒక్క ఫోన్. మాట్లాడక్కర్లేదు. ఎత్తి ఊరుకో. నీ ఊపిరి వింటాను.

అమ్మమ్మ

తా.క.: ఆ మెట్లలో కింది మూడూ పాచిపట్టి ఉంటాయి. కుడిపక్క గోడకి ఇనుప రింగు ఒకటుంటుంది, పట్టుకోవడానికి. నాకెలా తెలుసని అడగకు. పాత కోటలన్నీ అలాగే ఉంటాయి.


బిషాన్, సింగపూర్
17 నవంబరు 2025

చి.ల.సౌ. ప్రణవికి,

అవును, రాశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదువు, అదే ఉంది. నా మనవరాలి పేరు ముందు ఏ అక్షరాలుండాలో నేను తేలుస్తాను. ఎవరికైనా అభ్యంతరముంటే బిషాన్ వచ్చి నాతో మాట్లాడమను.

ఈ ఉత్తరం కొరియరు కుర్రాడు తేలేదని ఈపాటికి గ్రహించి ఉంటావు. ఇది నీ చేతికిచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టకుండా ముందు లోపలికి పిలు. అంత దూరం విమానంలో కూర్చుంటే ఆవిడ కాళ్ళు వాచి ఉంటాయి.

నువ్వు ఫోన్ చెయ్యలేదు. ఆ ఊరి పోలీసులకి మీ నాన్న ఫోన్ చేశారు. ఇద్దరు వచ్చారట. నువ్వు నవ్వుతూ కెమెరా చూపించి, ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చి పంపించావట. చాలా నెమ్మదైన అమ్మాయి అని రిపోర్టు. లాడ్జి ఆవిడ, ఏటా నవంబరులో పాలీ కోసం జనం వస్తూనే ఉంటారండీ, కంగారు పడకండి, అంది. కంగారు పడనివాళ్ళందరూ అక్కడే ఉన్నారు, పడేవాళ్ళందరం ఇక్కడున్నాం.

నేనే బయలుదేరదామనుకున్నాను. ఈ వయసులో కూడా నా పాస్‌పోర్టు ఇండియాదే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వీసాకి మూడు వారాలు పడుతుందట. కౌంటరులో అమ్మాయి, ప్రయాణం ఉద్దేశమేమిటి ఆంటీ, అని అడిగింది. మనవరాల్ని ఒక మెట్టు మీదినుంచి పైకి పిలవాలి అన్నాను. టూరిజం అని రాసుకుంది.

శనివారం రాజామణి వచ్చింది. ఆవిడకి ఏమీ చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను. నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం తెలుగులో చెప్పాను. ఆవిడ ఏడుస్తుందని, సోఫా మీంచి నేను లేచి పట్టుకోవాలని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ చేతిలో ఉన్న డబ్బా మూత గట్టిగా నొక్కి పెట్టింది. అమ్మా, నాకు సింగపూరు ఎర్ర పాస్‌పోర్టు ఉంది కదా, వీసా అక్కర్లేదు, నేను పోతా లా, అంది.

రాజామణి వంతెన అవతల మలేషియా జొహోరు దాటి ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు. చలంటే ఆవిడకి తెలిసింది సూపర్ మార్కెట్లో చేపల అర మాత్రమే. నిన్ను చూసి కోడలు పారిపోతే ఏం చేస్తావమ్మా, తల్లినుంచే పారిపోయిన పిల్ల, అన్నాను. తల్లినుంచి పారిపోవచ్చు, నా ముఖం చూసి పారిపోదు, నా ముక్కు వాడిదే కదా, అంది. మీ అమ్మ అప్పటికప్పుడు టిక్కెట్టు కొంది. మీ నాన్న చలికోటు తెచ్చారు. అది ఆవిడకి మోకాళ్ళ కిందికి వస్తుంది, చూసి నవ్వకు. నవ్వినా మంచిదే.

ఇంకో సంగతి. రాజామణికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్ళ బడిలో నేర్పలేదట. నీకు మాత్రం చిన్నప్పుడు నేను చెవి మెలేసి మరీ నేర్పాను. అందుకని ఈ కవరు అంటించలేదు. ఇందులో ఉన్నది నీకూ నాకూ మధ్యనే ఉంటుంది.

ఆవిడ చెప్పిన మాట విను. ఆవిడతో కలిసి అన్నం తిను. ఆవిడతో కలిసి రా.

నీ మీద కోపంతోనూ, అది తప్ప మిగతా అన్నింటితోనూ,
అమ్మమ్మ హైమావతి

తా.క.: సంతకం పెట్టేశాను, కవరులో పెట్టేశాను, మళ్ళీ తీశాను. రాజామణి హాల్లో కూర్చుని మీ తాతయ్యతో మాట్లాడుతోంది. ఆవిడ విమానానికి ఇంకా టైముంది.

ఆ ఫొటోలో ఉన్నది నేను.

ఇంకోసారి చదువు. దుప్పటీ కాదు, పొగమంచూ కాదు, ప్రభువుగారి భార్యా కాదు. కాకినాడ హైమావతి, అప్పటికి ఇరవై నాలుగేళ్ళు.

ఆ కార్తీకంలో మా అమ్మ పోయింది. టెలిగ్రాం నాకు అందేసరికి కర్మకాండ కూడా అయిపోయింది. మీ తాతయ్య పరిశోధన పడవ మీద సముద్రంలో ఉన్నారు. ఆ ఊళ్ళో తెలుగు మాట వినే ప్రాణి లేదు. ఏడుద్దామన్నా ఏ భాషలో ఏడవాలో తెలియలేదు. మా అమ్మవి నా దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి ఆవిడ పెట్టిన ఆవకాయ జాడీ, రెండోది ఆ జాడీ పగలకుండా చుట్టిచ్చిన పాత చీర. నాన్న పోయాక ఆవిడ కట్టిన తెల్లచీర.

కార్తీక అమావాస్య మర్నాడు, పోలి పాడ్యమి నాడు, తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి ఆ చీర కట్టుకున్నాను. మొగుడు బతికుండగా తెల్లచీర కట్టడం మనలో ఎంత అపచారమో నీకు తెలుసు. అందుకే ఇన్నేళ్ళూ మీ తాతయ్యకి కూడా చెప్పలేదు. అంచున ఉన్నది రక్తం కాదు, ఆవకాయ నూనె. పేపరువాడికి ఆవకాయ ఏం తెలుసు!

దీపాలు వదలడానికి అరటి దొప్పలు ఆ దేశంలో ఎక్కడివి? రెండు నారింజపండ్లు అడ్డంగా కోసి, లోపలి గుజ్జు తీసేసి, ఆ డిప్పల్లో ఒత్తులు వేశాను. నెయ్యి లేదు, వెన్న వేశాను. మన కథలో పోలికి కూడా అత్తగారు నెయ్యి ఇవ్వకపోతే కవ్వానికి అంటిన వెన్నతోనే కదా దీపం పెట్టింది. మెట్లు దిగి దీపాలు వదిలాను. కథ ఎవరికైనా చెప్పాలి, లేకపోతే వ్రతం పూర్తికాదు. వినేవాళ్ళు లేరు కాబట్టి ఏటికే చెప్పాను, పైకే. స్వర్గానికి వెళ్ళిన పోలి కథ. పోలీ, పోలీ, అన్నాను. ఆ చేపలవాళ్ళకి అది పాలీ అని వినబడింది. అంతే, ప్రణవీ. ఒక తెలుగు నోము, వినేవాళ్ళ చెవిలో దయ్యమైపోయింది. నువ్వు ఇరవై రెండు అని క్యాలెండరు చూసుకుంటున్నావు. ఆ దయ్యం పంచాంగం చూసుకుంటుందమ్మా. ఈ ఏడు పాడ్యమి ఇరవై ఒకటిన వచ్చింది.

నీకున్న ఒక్క సాక్ష్యాన్నీ నేనే చింపేస్తున్నానని తెలుసు. ఆ భయంతోనే రెండు ఉత్తరాల్లో అబద్ధాలు రాశాను. నిజం చెప్తే నీకు పట్టుకోవడానికి ఏమీ మిగలదనుకున్నాను. చెప్పకపోతే నువ్వు నా వెనకే, నేనే లేని మెట్ల మీద, నీళ్ళలోకి దిగిపోతావు. ఏది రాసినా నిన్ను పోగొట్టుకుంటానేమోనన్న భయంలో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అందుకే.

మా అమ్మ కనబడుతుందేమోనని నేనూ చూశాను. ఆఖరి మెట్టు మీద, నీళ్ళు పిక్కల దాకా ఉండగా, దీపాలు వదలడానికి కావలసినదానికంటే చాలా ఎక్కువసేపు నిలబడ్డాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. అమ్మా, అని పిలిచాను కూడా. ఎవరూ రాలేదు. నీకు అబద్ధం చెప్పలేను, ఎవరూ రాలేదు.

అక్కడినుంచి పైకి ఎందుకు వచ్చానంటే ఏదో గొప్ప కారణం చెప్పాలని నాకూ ఉంది. కాలేజీలో పాఠం చెప్పినదాన్ని, ఒకటి కల్పించగలను. అసలు జరిగింది చెప్తాను. నాలుగు డిప్పల్లో మూడు వెళ్ళిపోయాయి. నాలుగోది రాళ్ళ మధ్య చిక్కుకుంది. వంగితే అందలేదు. పోలీ, వెళ్ళవే తల్లీ, అని గట్టిగా కసిరాను. ఆ చేపలవాళ్ళు పరిగెత్తింది అప్పుడే. దాన్ని కదపడానికి కర్ర కావాలి. కర్ర కోసం పైకి వచ్చాను. గట్టు మీద చెట్ల కింద వెతికి ఒకటి పట్టుకుని, మళ్ళీ రెండు మెట్లు దిగి నెట్టాను. అది వెళ్ళిపోయింది. అప్పటికి కాళ్ళు కొయ్యబారాయి. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాను. మూడు రోజుల తరువాత మీ తాతయ్య పేపరు పట్టుకుని, హైమా, ఈ ఊళ్ళో దయ్యం తిరుగుతోందట, అంటూ వచ్చారు. అన్నం వడ్డించాను.

ఆవిడ ఎక్కడికి వెళ్తుందో చూస్తానన్నావు కదా. ఇక్కడికి వచ్చింది. మీ అమ్మని కంది, నిన్ను ఎత్తుకుంది, యోగికి పులిహోర పెట్టింది. ఆ చేపలవాళ్ళిద్దరూ ఇంకాస్త ఓపిక పట్టి నిలబడి ఉంటే, దయ్యం మెట్లెక్కి వచ్చి కర్ర వెతుక్కోవడం కూడా చూసేవాళ్ళు. పైన నిలబడి చూసేవాళ్ళు లేక అది కథలోకి ఎక్కలేదు. అందుకని ఈసారి మనిషిని పంపిస్తున్నాను. మోకాళ్ళ కిందిదాకా వేలాడే కోటులో, చేతిలో టార్చీతో, మెట్ల పైన రాజామణి నిలబడి ఉంటుంది. ఎందుకని అడగదు. దిగొద్దని కూడా అనదు, ఆవిడ అలాంటిది కాదు. నిలబడుతుంది.

ఆవిడ సంచిలో నారింజలున్నాయి. యోగికి ఒక దీపం వదులు. నీకు కథ రాకపోతే ఏదో ఒకటి చెప్పు. మకాన్ అయిందా అని అడిగినా చాలు, వాడికి అర్థమవుతుంది.

దీపం రాళ్ళలో చిక్కుకోవచ్చు. అక్కడే నిలబడి వంగకు. కర్రలు పైనే ఉంటాయి.